గౌరవ గిల్బర్ట్ సభ్యురాలు

చాండ్లర్ తెలుగు సంఘం రెండు ముక్కలైంది ఎందుకయ్యా అంటే, బతుకమ్మ పండుగకు బుక్ చేసిన హాల్లో ముందు వరస ఎవరిదన్న దగ్గర. పైకి చెప్పుకునే కారణం అది. అసలు కారణం కులమనీ ప్రాంతమనీ ఎవరూ నోటితో అనలేదు. అందరి కడుపులోనూ ఉన్నది అదే. చదువుకున్నవాళ్లు కదా, తన్నుకోరు, ఈమెయిళ్లు పెట్టుకుంటారు. ఒక సంఘం రెండయింది. రెండింటి పేర్లలోనూ "ఐక్య" అన్న మాట ఉంది. సిగ్గెందుకుంటుంది?

ఆ చీలికలో పడి నలిగింది భవిత. ఆమెది నరసరావుపేట. స్నేహితురాలు సంహితది జమ్మికుంట. ఎమ్మెస్ చదివేటప్పుడు ఇద్దరిదీ ఒకే గది, ఒకే రైస్ కుక్కర్. చలికోటు కూడా ఒకటే. ఎవరికి ముందు క్లాసుంటే వాళ్లు వేసుకుపోయేవారు. ఉద్యోగాలొచ్చాయి, పెళ్లిళ్లయ్యాయి, భవిత చాండ్లర్‌లో, సంహిత పక్కనే గిల్బర్ట్‌లో ఇళ్లు కొన్నారు. అన్నీ మారినా ఫోనెత్తగానే సంహిత అనే మాట మారలేదు: "ఏందే, తిన్నవా?"

సంఘం చీలిన నాటి మీటింగులో ఎవరి మొగుడి స్నేహితులు ఎటుంటే ఆ ఆడవాళ్లు అటు కూర్చున్నారు. భవిత ఇటు, సంహిత అటు. మాట మీద మాట పెరిగింది. భవిత ఏదో చెప్పబోతే సంహిత లేచి, "భవిత గారూ, మీరు ఒక్క నిమిషం ఆగండి" అంది.

తిట్టి ఉంటే భవిత మర్నాటికి మరిచిపోయేది. "గారూ" అన్న మాట మాత్రం ముల్లులా దిగింది. మనం గౌరవమని మురిసిపోయేది చాలాసార్లు మొహం మీద తలుపు వేయడమే. రోషం ఆమెకూ ఉంది కదా, "సరేనండీ" అంది. అంతే, తలుపు రెండువైపులా పడింది. ఇండియన్ స్టోర్‌లో బెండకాయల దగ్గర ఎదురుపడితే "బాగున్నారా?" "ఆఁ, బాగున్నామండీ." ఇద్దరూ తలొంచుకుని బెండకాయల కొనలు విరుచుకుంటూ ఉండిపోయేవారు.

ఇప్పుడు సంహిత వాళ్లు వేరే రాష్ట్రానికి, ప్లేనో వెళ్లిపోతున్నారు. భర్తకు అక్కడ ఉద్యోగం, ఇల్లు అమ్మేశారు, వచ్చేవారమే ప్రయాణం. ఈ కబురు కూడా భవితకు వాట్సాప్ గ్రూప్‌లో సోఫా అమ్మకానికి పెట్టిన ఫొటో చూస్తేనే తెలిసింది. ఆ సోఫా మీద పడుకుని ఎన్ని మధ్యాహ్నాలు కబుర్లు చెప్పుకున్నారో ఆ గ్రూప్‌కేం తెలుసు? అప్పటినుంచి ఆమెకు ఒకటే యావ. వెళ్లేలోపు ఒక్కసారి ఆ నోట "ఏందే" అనిపించుకోవాలి. ఫోన్ చేస్తే "హలో, చెప్పండి" అంటుందేమోనని భయం. అందుకే రెండు సంఘాలూ మళ్లీ కలవాలా వద్దా అని తేల్చే ఉమ్మడి మీటింగ్ పెడితే, కలవాలనే పక్షంలో మాట్లాడతానని ముందుగా పేరిచ్చింది. సంఘాలు కలిస్తే ఆమెకెంత, కలవకపోతే ఎంత! కలిస్తే మనుషులు కూడా ఒక పక్కకు వస్తారని ఆశ.

ఆదివారం మధ్యాహ్నం కాలనీ క్లబ్‌హౌస్‌లో మీటింగ్. అధ్యక్షుడు వీరభద్రరావు గారు. ఏ పక్షానికీ చెందని పెద్దమనిషి, అందరికీ అంకుల్. రిటైరయ్యాక ఆయనకు పట్టిన పిచ్చి బ్రిటిష్ పార్లమెంటు చర్చలు. యూట్యూబ్‌లో పొద్దస్తమానం అవే చూస్తాడు. కిందటి ఉమ్మడి మీటింగులో మైకు లాక్కుని తోసుకున్నారని, ఈసారి ఆ పార్లమెంటు పద్ధతే పెట్టాడు. తెల్లవాడు ఊడ్చుకుపోగా వదిలేసిన మర్యాదలు మనకు మహా ప్రీతి.

కుర్చీలు ఎదురెదురుగా రెండు వరసలు వేయించి, మధ్యన నేల మీద నీలం టేపుతో రెండు గీతలు అంటించాడు.

"ఈ గీతల మధ్య దూరం రెండు కత్తుల పొడవుకు పైమాట. ఎవరు కత్తి చాచినా అవతలివాడికి తగలదు. గీత దాటి మాట్లాడకూడదు" అన్నాడు.

"కత్తులెక్కడివంకుల్, పులిహోర గరిటెలే ఉన్నయ్" అన్నాడు కౌశిక్. అటువైపు పక్షానికి నాయకుడతను, ఉండేది మేసాలో.

"నవ్వులాట కాదు. ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవకూడదు. నువ్వు, మీరు అసలే వద్దు. ఏది మాట్లాడినా నాతోనే. ఎదుటి పక్షం మనిషిని ఊరు పేరుతో గౌరవ సభ్యుడు అనాలి. సొంత పక్షమైతేనే నా గౌరవ మిత్రుడు. సభ ఆచారం అది."

"ఏందే" కోసం వచ్చింది భవిత. ఇప్పుడు "మీరు" కూడా పోయిందన్నమాట.

చర్చ మొదలైంది. మర్యాద పెట్టినందువల్ల మనుషులు మారతారా? భవిత పక్షం నాయకుడు దివాకర్ లేచి, "అధ్యక్షా, పోయినేడు అకౌంట్స్ చూసిన గౌరవ మేసా సభ్యుడికి కూడికలు వచ్చా అని అడుగుతున్నా" అన్నాడు. కౌశిక్ లేచి, "అధ్యక్షా, గౌరవ సభ్యుడు చెప్పేది అబద్ధమని నేననను. నిజంతోని ఆయనకు పరిచయం తక్వ అంటున్న" అన్నాడు. రెండువైపులా చప్పట్లు చరిచారు. ఒరేయ్ అని కొట్టుకున్నప్పుడే నయం, సాయంత్రానికి కలిసి టీ తాగేవాళ్లు. ఇస్త్రీ బట్టలు తొడిగిన తిట్టు ఎక్కువ రోజులు బతుకుతుంది.

భవిత తన వంతు రాగానే లేచింది. రాసుకున్న ఉపన్యాసం నోటికి రాలేదు. "అధ్యక్షా, కలిసుంటే బాగుంటుంది" అని, ఇంకేదో అనబోయి ఎదురుగా చూసింది. సంహిత నేలకేసి చూస్తోంది. భవిత కూర్చుండిపోయింది. "ఏంటండీ అలా కానిచ్చేశారు, ఓట్లు దాదాపు సమానం, మనకి ఎక్కువ ఒకటే!" అని దివాకర్ పళ్లు నూరాడు.

సంహిత లేచింది. అవతలి పక్షం తరఫున, కలవొద్దని చెప్పడానికి.

"అధ్యక్షా, కలిసుండుడు మంచిదే అని గౌరవ చాండ్లర్ సభ్యురాలు అన్నరు. మంచిదే. కానీ కలిసున్ననాడు మా దిక్కోళ్లను వంటకే పిలిచిన్రు, స్టేజీ మీదికి పిలువలే. ఇది ఆమెకు గూడ ఎరుకే. ఎందుకంటే వంటింట్ల నా పక్కన నిలబడి ఉల్లిగడ్డ తరిగింది ఆమెనే. కండ్లల్ల నీళ్లు కారుతుంటే నా చున్నీతోని తుడ్సుకుంది. నా మిత్రురాలు..."

ఆ మాట దగ్గర ఆగిపోయింది. భవిత కుర్చీ అంచు పట్టుకుంది.

"ఆర్డర్, ఆర్డర్!" అంకుల్ బల్ల మీద కొట్టాడు. "ఎదుటి పక్షం వారిని మిత్రురాలు అనరాదమ్మా. ఉపసంహరించుకోవాలి."

వెనకనుంచి కౌశిక్ గుసగుసలాడాడు: "అక్కా, జల్ది వాపస్ తీస్కో, ఓట్లు ఎటన్న పోతయ్!"

సంహిత చున్నీ కొస వేలికి చుట్టుకుంది, విప్పింది. "ఉపసంహరించుకుంటున్న, అధ్యక్షా" అని కూర్చుంది.

భవితకు కళ్లు మసకబారాయి. నోటిదాకా వచ్చిన మాటను సభ వెనక్కి మింగించింది. ఎదుటి పక్షమట! మధ్యనున్నది గోళ్లతో గీకితే ఊడొచ్చే టేపు.

ఆమె లేచింది. గీత దాటింది. రెండో గీత కూడా దాటింది.

"ఏవండీ, ఎక్కడికి? ఓటింగ్ ఉంది!" దివాకర్ కేకేశాడు.

భవిత వినలేదు. అటు వరసలో సంహిత పక్క కుర్చీలో ఎవరిదో హ్యాండ్‌బ్యాగు ఉంటే తీసి కింద పెట్టి కూర్చుంది.

ఇటువైపు గోల. "ద్రోహం అధ్యక్షా!" అటువైపు చప్పట్లు. అంకుల్ మొహం వెలిగిపోయింది. యూట్యూబ్‌లో చూసినది కళ్లెదుట జరుగుతోంది మరి. "సభ్యురాలు పక్షం మారారు. అది సభ్యుల హక్కు!" అని ప్రకటించాడు. ఆ ఊపులోనే ఓటింగ్ పెట్టాడు. భవిత చెయ్యి ఇటు లేవలేదు, అటు లేవలేదు. ఆ ఒక్క ఓటు తగ్గగానే రెండువైపులా సమానమయ్యాయి. "సమానమైతే ఉన్నది ఉన్నట్టే ఉంచడం అధ్యక్షుడి ఆచారం. తీర్మానం వీగిపోయింది" అన్నాడు అంకుల్. రెండు సంఘాలూ రెండుగానే మిగిలాయి. దివాకర్ ఇటు చూడకుండా కాగితాలు చింపుతున్నాడు.

భవిత పక్కకు తిరిగి చూసే ధైర్యం లేక ఎదుటి గోడకేసి చూస్తూ కూర్చుంది. చున్నీ నుంచి కరివేపాకు పోపు వాసన వస్తోంది. ఈ వాసనకు ఇంత దగ్గరగా కూర్చుని ఎంత కాలమైందో.

సంహిత దిగ్గున లేచింది. అంకుల్ వైపే తిరిగి అంది:

"అధ్యక్షా, నా గౌరవ మిత్రురాలికి దిమాక్ లేదని చెప్పుండ్రి. నేనంటే పొయ్యేదాన్ని. ఈడ ఉండేది ఆమె. రేపటి సంది ఆ దిక్కోళ్లు ఆమెతోని మాట్లాడుతరా? ఈ దిక్కోళ్లు ఆమెను నమ్ముతరా? జరమొస్తే ఎవరికి ఫోన్ చేస్తది? పిల్లను స్కూల్‌కెంచి ఎవరు పిక్ చేస్తరు? గింత ఆలోచన లేకుంట ఎట్ల లేచొచ్చింది అధ్యక్షా? అడుగుండ్రి!"

అంకుల్‌కు ఏ ఆచారమూ తట్టలేదు.

భవిత లేచి నిలబడింది. ఇద్దరి భుజాలూ దాదాపు తగులుతున్నాయి. ఇద్దరి చూపులూ అధ్యక్షుడి మీదే ఉన్నాయి.

"అధ్యక్షా, ఆ తిట్లేవో నా మొహం చూసి తిట్టమనండి."

"అది సభా నియమాలకు..." అని అంకుల్ మొదలుపెట్టాడు.

సంహిత తల తిప్పింది. కళ్లనిండా నీళ్లు. చున్నీ కొస మళ్లీ వేలికి చుట్టుకుంది. భవిత నిలబడే ఉంది. కుర్చీలు మడిచి గోడకు చేరుస్తున్న చప్పుళ్ల మధ్య, అలా చూస్తూ, ఆ ఒక్క "ఏందే" కోసం ఎదురు చూస్తూ.