లైటు కింద చెయ్యి

వెల్డరుకు ముక్కు మీద కోపం. వెల్డింగు మానేసి, చెల్లెలితో కలిసి కిటికీ లేని గోదాములో ఆకుకూరలు పెంచడం మొదలుపెట్టాక కూడా ఆ పేరూ పోలేదు, ఆ కోపమూ పోలేదు. చెల్లెల్ని ఇంటిల్లిపాదీ పిచ్చుక అంటారు. లైట్లు అన్నయ్యవి, నీళ్లు చెల్లెలివి అని పనులు పంచుకున్నారు. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదని ఒప్పందం. అది చెల్లెలికి మాత్రమే వర్తించిందనుకోండి, ఆ సంగతి వేరు.

లైట్లు వేలాడదీయడానికి అతనికొక పద్ధతి ఉంది. గొలుసు వదులు చేస్తూ లైటును దించేవాడు. మొక్క తల దగ్గర చెయ్యి పెట్టి చూసేవాడు. వేడి తగిలితే పైకి లాగాలి, తగలకపోతే ఇంకాస్త దించాలి. లైటు దూరమైతే మొక్క వెలుగు కోసం సాగి సాగి వాలిపోతుంది. పద్ధతిలో తప్పేమీ లేదు. లైట్లు అమ్మినాయన చెప్పిందీ అదే.

కొత్తగా పెద్ద లైట్లు బిగించిన రోజు పిచ్చుక ఒక మాట అంది.

"అన్నయ్యా, మరీ కిందికి దించావేమో. వేడిగా ఉంది."

"నీకు నీడలో కూర్చున్నా వేడే. నీ నీళ్ల సంగతి నువ్వు చూసుకోమ్మా."

ఆమె నవ్వేసి ఊరుకుంది.

కొన్నాళ్లకు ఆకులు తెల్లబడి, అంచులు మాడాయి. వెల్డరు ఒంటికాలి మీద లేచాడు. నీళ్లే కారణమన్నాడు. పాపం ఆ పిల్ల నీళ్లు పెంచింది, తగ్గించింది, మందు మార్చింది. తిండి మానేసి తొట్ల మధ్యే తిరిగింది. మొక్కలు మాత్రం కోలుకోలేదు. చివరికి కూరలు పట్టుకెళ్లడానికి వచ్చిన హోటలు వంటాయన ఎదుటే అన్న నోరు జారాడు.

"దీని చేతిలో పడితే పచ్చగా ఉన్నదేదీ బతకదండీ."

పిచ్చుక నీళ్ల గొట్టం చుట్టి పక్కన పెట్టి వెళ్లిపోయింది. అలక తీరితే తనే వస్తుందిలే అనుకున్నాడు. రాలేదు. ఊరవతల ఒక నర్సరీలో పనికి చేరింది.

నీళ్లు అతనే పెట్టడం మొదలుపెట్టాడు. అయినా మొక్కలు మాడాయి. ఒకరోజు టీ తెచ్చిన భార్య, ఎండిన ఆకు తుంచబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అమ్మో! పెనం మీద పెట్టినట్టుందండీ."

అతను చెయ్యి పెట్టాడు. ఏమీ తెలియలేదు. వంగి చెంప పెట్టాడు. చురుక్కుమంది.

ఏళ్ల తరబడి నిప్పురవ్వలు పడి మొద్దుబారిన చెయ్యి అది. పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించుతాడని ఇంట్లో అందరూ మురిసిపోయేవారే గానీ, ఆ చేతికి వేడి తెలియదన్న ముక్క ఒక్కరికీ తట్టలేదు. అతనికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. లైట్లన్నీ పైకి లాగి, తిన్నగా నర్సరీకి పోయాడు.

చెల్లెలు నారు సంచుల్లోకి మారుస్తోంది. అతను ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేశాడు. తప్పు తనదేనన్నాడు, వచ్చెయ్యమన్నాడు.

"పోనీలే అన్నయ్యా, తెలిసి చేశావా ఏంటి" అంది పిచ్చుక.

అతని మనసు తేలికపడింది. ఆమె మాత్రం సంచిలో మట్టి నొక్కుతూనే ఉంది.

"ఇక్కడ నన్నెవరూ ఏమీ అనరు. అయినా ఎక్కడ ఆకు వాడినా, నా వల్లేనేమో అని గుండె జారిపోతుంది. చీడ పట్టిందమ్మా అంటారు వీళ్లు. నమ్మబుద్ధి కాదు." తలెత్తి చూసింది. "నిజం చెప్పు అన్నయ్యా. లైట్ల వల్లేనా? లేక నేను బాధపడతానని అలా అంటున్నావా?"

"లైట్ల వల్లేనమ్మా. ఒట్టు."

పిచ్చుక నమ్మినట్టే తలూపింది. అన్న మనసు నొప్పించడం ఆమెకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.