గోడకు తిప్పిన బొమ్మ

'వీడ్కోలు' అన్న మాటలో 'క' వత్తు దించుతూ డ్రాయింగు మాస్టారు ఊపిరి బిగబట్టారు. కుంచెకు వెంట్రుకలు సగం రాలిపోయాయి. తన తలా, కుంచె తలా ఒకేసారి పల్చబడ్డాయని ఆయన నవ్వుకుంటూ ఉంటారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ బడిలో ఎవరు ఉద్యోగ విరమణ చేసినా సభకు బోర్డు రాసింది ఆయనే. ఈరోజు విరమణ ఆయనది. బోర్డు మాత్రం ఎప్పటిలాగే ఆయన బల్ల మీదికే వచ్చింది.

"నాది కూడా నేనే రాసుకోవాలా మేడం?" అని పొద్దున అడిగితే పెద్దమేడం నిజంగానే ఆశ్చర్యపోయింది.

"మీకంటే బాగా రాసేవాళ్ళు ఎవరున్నారు మాస్టారూ?"

ఆమె మెచ్చుకుంటున్నాననే అనుకుంది. ఆయనకు ఒళ్ళు మండింది.

ఎనామెల్ రంగుతో తన పేరు రాసుకున్నారు. దాని కింద, హోదా రాయాల్సిన చోట, 'చిత్రకారుడు' అని రాశారు.

పరీక్షలు దగ్గర పడితే చాలు, లెక్కల మాస్టారు తరగతి గుమ్మంలో నిలబడేవాడు. "మీ పీరియడ్ నాకిచ్చెయ్యండి మాస్టారూ. మీదేముంది, బొమ్మలేగా!" పిల్లల ముఖాలు వాడిపోయేవి. ఈయన కుంచెల డబ్బా తీసుకుని విరిగిన బల్లలు పడేసే గదికి వెళ్ళిపోయేవారు. అక్కడ చిరిగి మూలపడ్డ పాత మ్యాపులు ఉండేవి. బట్ట అంటించిన మ్యాపులు. తిరగేస్తే వెనక అంతా తెలుపు. వాటి మీద బొమ్మలు వేసేవారు.

ఏవీ, చూపించండి అని స్టాఫ్ రూములో ఒక్కరూ అడగలేదు. "ఖాళీగా ఉన్నప్పుడు ఇంకా బొమ్మలేస్తున్నారా?" అని మాత్రం అడిగేవారు. ఖాళీగా! ఇంటికెళ్ళి ఒక్క లెక్క ముట్టని మనిషిని లెక్కల్లో మేధావి అంటారు. కళ్ళు తెరిచింది మొదలు నీడ ఎటు పడుతోందో చూసే మనిషిని చిత్రకారుడు అనడానికి ఎవరికీ నోరు రాదు.

చివరి బొమ్మకు మూడేళ్ళు పట్టింది. బడి ఆయమ్మ గంట కొడుతున్న బొమ్మ. మ్యాపులోని నదుల నీలం చెమ్మకు బట్టలోంచి ఇవతలికి ఊరింది. ఆయన దాన్ని కప్పెయ్యలేదు. ఆ గీతలనే ఆమె చేతుల మీద నరాలుగా మలిచారు.

"నా చేతులు ఇంత ముసలివా తమ్ముడూ?" అంది ఆయమ్మ ఒకసారి.

"ముసలివి కావక్కా, పనిచేసినవి."

"ఆ ముక్క వచ్చి మా కోడలికి చెప్పు."

కదలకుండా నిలబడ్డందుకు బదులుగా ఆయన ఆమెకు అక్షరాలు నేర్పారు. ఇప్పుడు కూడబలుక్కుని చదువుతుంది.

మధ్యాహ్నం ఆ బొమ్మను ఆయనే మోసుకెళ్ళి, హాల్లో వేదిక వెనక గోడకు తగిలించారు. వెళ్ళేలోగా ఒక్కసారైనా నలుగురూ చూడాలి. అంతే ఆయన కోరిక. చేతుల రంగు కడుక్కుని వచ్చేసరికి గోడ మీద మ్యాపు వేలాడుతోంది. బొమ్మ గోడ వైపుంది.

"మ్యాపు తిరగబడి ఉంటే సరిచేశానండీ," అన్నాడు లెక్కల మాస్టారు, ఉపకారం చేసినవాడిలా. "వెనకాల ఎవరో ఆయమ్మ బొమ్మ వేశారు. పెద్దవాళ్ళొచ్చే సభ, బాగుండదు కదా!"

బోర్డు మీద 'చిత్రకారుడు' కూడా లేదు. అక్కడ తెల్లరంగు పూసి, వంకర టింకరగా 'డ్రాయింగు టీచరు' అని రాశారు.

"పోస్టు పేరే ఉండాలి కదా మాస్టారూ," అంది పెద్దమేడం.

ఎనామెల్ మీద నీళ్ళరంగు నిలవదని కూడా తెలియదు వీళ్ళకి, అనుకున్నారాయన.

సభలో పెద్దమేడం ఆయన రాసిన బోర్డులను తలుచుకుంది. "అడిగితే ఏనాడూ కాదనలేదు. ఎన్ని పీరియడ్లు ఇచ్చారో!" అంది. చప్పట్లు కొట్టారు.

ఆయన లేచారు.

"నేను ఇవ్వలేదు మేడం. మీరు తీసుకున్నారు. నేను నోరు మూసుకున్నాను. అది నా తప్పు, పిల్లలేం చేశారు?" వెనక్కి తిరిగి మ్యాపు వైపు చూపించారు. "బొమ్మలు నేర్పడమే కాదు, వేశాను కూడా. ఒకటి ఈ గోడకే ఉంది. చూడాలనున్నవాళ్ళు తిప్పి చూడండి."

కూర్చుని ఎదురుచూశారు. ఎవరో దగ్గారు. ఎవరో టైము చూసుకున్నారు. టీ వచ్చింది. అందరూ కప్పుల వైపు లేచారు. ఆయన కుంచెల డబ్బా చంకలో పెట్టుకుని, వెనక గేటు గుండా వెళ్ళిపోయారు. ఆయన కప్పులో టీ అలాగే మీగడ కట్టింది.

సాయంత్రం హాలు ఊడవడానికి ఆయమ్మ వచ్చింది. కుర్చీ వేసుకుని మ్యాపును తిప్పింది. తన ముఖం తనకే ఎదురైతే సిగ్గుపడి చూపు తిప్పుకుంది. కుర్చీ దిగి, తడిగుడ్డతో బోర్డు మీద వంకర అక్షరాలను ఒక్క తుడుపు తుడిచింది. తెలుపంతా గుడ్డకు అంటుకుని వచ్చేసింది.

"చి... త్ర... కా..." అని వేలు పెట్టి చదువుకుంది.

బోర్డును బొమ్మ కింద గోడకు ఆనించి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. చీకటి పడే హాల్లో, గంట కొట్టబోతూ పైకి లేచిన ఆ చేతి మీద నీలి నరాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.