ఏడింటికి వచ్చే రూపాయి

కుట్టుమిషను తొక్కుతుంటే టైలరమ్మకి ఫోను వినిపించదు. అందుకే బస్సు డ్రైవరుగా చేసే ఆమె భర్త, డ్యూటీ దిగగానే ఆమె ఖాతాకి ఒక రూపాయి పంపేవాడు. షాపు గోడకున్న స్పీకరు డబ్బా "ఒక రూపాయి అందింది" అని అరిచేది. ఆయన క్షేమంగా చేరాడని అర్థం.

ఆయన పోయి నాలుగేళ్లయింది. రూపాయి మాత్రం రోజూ ఏడింటికి వస్తూనే ఉంది.

"మీవారు చేరినట్టున్నారు" అనేవాళ్లు, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు.

"ఇవాళ రెండు నిమిషాలు లేటు" అనేది ఆమె, కత్తెర ఆపకుండా.

ఒక మంగళవారం ఎవరో ఆడపిల్ల ఫోన్ చేసి, వివరాలు సరిచూడకపోతే ఖాతా ఆగిపోతుందని చెప్పింది. గొంతు మర్యాదగా ఉంది. ఫోనుకొచ్చిన ఆరంకెలూ టైలరమ్మ చదివి వినిపించింది. పది నిమిషాల్లో ఖాతా ఖాళీ. డబ్బా మూగబోయింది.

పోయిన డబ్బుకి ఒక పూట ఏడ్చి ఊరుకుంది. ఏడింటికి మాత్రం కాళ్లు వాటంతటవే ఆగిపోయేవి. చేతిలో గుడ్డ పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేది. ఆయన ఇంకా ఏ దారిలోనో తిరుగుతున్నట్టే అనిపించేది.

కస్టమర్ కేర్‌కి రోజూ ఫోన్ చేసింది. ఒకటి నొక్కమన్నారు, నాలుగు నొక్కమన్నారు, పాట వినిపించారు. ఆరో రోజుకి ఒక మనిషి దొరికాడు.

"రహస్య నంబరు మీరే చెప్పారు కాబట్టి ఫిర్యాదు మూసేశాం మేడమ్."

"డబ్బు సంగతి వదిలేయండి బాబూ. రోజూ రూపాయి వచ్చేది, అది ఎక్కడికి పోతోందో చెప్పండి చాలు."

"దానికి పంపినవారే మాకు ఫోన్ చేయాలి మేడమ్."

"ఆయన ఫోన్ చేయగలిగితే మీకెందుకు చేస్తాడయ్యా, నాకే చేసేవాడు కదా!"

అతను సారీ చెప్పి పెట్టేశాడు.

తొమ్మిదో రోజు సాయంత్రం ఒక అమ్మాయి వచ్చి షాపు గుమ్మంలో నిలబడింది. "అమ్మా" అనగానే, ఆ రోజు ఫోన్లో విన్న గొంతేనని టైలరమ్మ గుర్తుపట్టింది. చేతిలోని కత్తెర బిగించి పట్టుకుంది.

"డబ్బు మాతో ఈ ఫోన్లు చేయించేవాళ్లు తీసేసుకున్నారు. ఖాతా నా ఫోన్లోనే ఉంది. ఇచ్చేద్దామని వచ్చాను" అంది అమ్మాయి. "రోజూ రూపాయి వస్తోంది. దాంతోపాటు ఒక ముక్క కూడా."

టైలరమ్మ ఫోను లాక్కుని చూసింది. మొదటి రోజు: ఎవరు నువ్వు? తర్వాత: భోంచేశావా? ఆ తర్వాత: ఆ పని నీకిష్టమేనా? నిన్నటిది: రేపు ఆ గదికి వెళ్లకు.

"నాకెప్పుడూ ఒక్క ముక్క రాయలేదు" అంది టైలరమ్మ. దొంగతనం జరిగినప్పుడు కూడా ఆమెకి ఇంత ఉక్రోషం రాలేదు.

"నేను వెళ్లలేదమ్మా. ఫోన్లు చేయడానికి మమ్మల్ని పొద్దున్నే ఆ గదిలో పెట్టి బయట తాళం వేస్తారు. ఇవాళ మధ్యాహ్నం గది అంటుకుంది. లోపలున్న పదకొండు మందీ పోయారు. మా దగ్గర పేరున్న కాగితం ముక్క కూడా ఉండనివ్వరు. పోయిందెవరెవరో బయట ఎవరికీ తెలియదు." అమ్మాయి కింద కూలబడింది. "నాకు తెలుసు."

టైలరమ్మ కత్తెర బల్లమీద పెట్టి, మిషనుకి గుడ్డ కప్పింది. ఇంకా ఏడు కాలేదు. అయినా షట్టరు దించేసింది.

"లే. స్టేషనుకి పోదాం."

"నన్నూ లోపలేస్తారమ్మా."

"వేస్తే వేస్తారు. నేనొస్తున్నా కదా. పదకొండిళ్లల్లో ఎదురుచూస్తుంటారే!"

స్టేషన్లో రాసుకునే పోలీసు, కలం తీస్తూ టైలరమ్మని అడిగాడు. "ఈ అమ్మాయికి మీరేమవుతారు?"

"ఈ పిల్లని మా ఆయన పంపాడు."

పోలీసు తలాడించి అలాగే రాసుకున్నాడు. అమ్మాయి టైలరమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, ఆ గదిలో తలుపు దగ్గర కూర్చునేవాడి పేరుతో చెప్పడం మొదలుపెట్టింది.