ఆకుపచ్చ గీత ఎటు పోయింది

అక్క నడిపే ప్రెస్సులో ఆఖరి చూపు తమ్ముడిది. డిజైనర్ పేజీలు కూర్చి పంపితే, అచ్చుకు వెళ్లే ముందు తెర మీద వాటిని గాలించి 'సరే' అనవలసినవాడు అతనే. పద్నాలుగేళ్లలో అతని కన్నుగప్పి ఒక్క అక్షరదోషమూ గడప దాటలేదు. అందుకే ప్రెస్సులో అందరికీ అతను 'డేగ'.

ఆ డేగకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదన్న సంగతి మాత్రం భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. పుట్టుకతో వచ్చిన లోపం. రెండు రంగులూ అతనికి ఒకే మట్టిరంగులా కనిపిస్తాయి. పనిలో చేరేటప్పుడు చెప్పడానికి నోరు రాలేదు. తరవాత చెప్పడానికి మొహం చెల్లలేదు. రంగు మీద బాణం గుర్తు పెడితే అందులో ఏ సిరా ఎంత శాతం ఉందో తెర మీద అంకెలు కనిపిస్తాయి. ఆ అంకెల్ని కస్టమరు ఇచ్చిన కాగితంతో పోల్చుకుంటూ ఇన్నేళ్లూ బండి లాగించాడు.

ఒకరోజు ఆసుపత్రి మ్యాపు వచ్చింది. వచ్చిన ప్రతి రోగి చేతిలోనూ పెట్టే కాగితం అది. ముఖద్వారం నుంచి మూడు గీతలు: రక్తపరీక్షకు ఎరుపు, ఎక్స్‌రేకు ఆకుపచ్చ, కాన్పుల వార్డుకు గోధుమరంగు. అక్షరాలు చూశాడు, తప్పుల్లేవు. అంకెలు చూశాడు, సరిపోయాయి. ఇక 'సరే' అనడమే మిగిలింది.

ఎందుకో ఒక్కసారి తానే రోగినైనట్టు అనుకుని బాణం గుర్తుతో ఎక్స్‌రేకు బయలుదేరాడు. లిఫ్టు దగ్గర మూడు గీతలూ కలిసి మళ్లీ విడిపోయాయి. అతను రక్తపరీక్ష గదికి చేరాడు. వెనక్కి వచ్చి మళ్లీ బయలుదేరితే కాన్పుల వార్డు గుమ్మంలో తేలాడు.

నవ్వొచ్చింది. మరుక్షణం కాలు విరిగినవాడెవడో కుంటుకుంటూ అదే గుమ్మం దాకా వెళ్లడం కళ్లకు కట్టింది. నవ్వు ఆగిపోయింది. పంపేస్తే తప్పు పట్టేవాడు లేడు. ఆపితే ఎందుకు ఆపావని అడుగుతారు. కాసేపు తేలు కుట్టిన దొంగలా కూర్చుని, చివరికి లేచి అక్క గదిలోకి వెళ్లాడు.

"అక్కా, ఈ మ్యాపు అచ్చుకి పంపలేను."

"ఏం, తప్పులున్నాయా?"

"తప్పుల్లేవు. నాకే దారి తెలీట్లేదు."

గుట్టంతా విప్పేశాడు. అక్క కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"పద్నాలుగేళ్లా? నా దగ్గర కూడా దాచావా?"

"తెలిస్తే పన్లోంచి తీసేస్తావేమోనని..."

"నోర్ముయ్. కోపంగానే ఉంది, దాని సంగతి తరవాత తేలుస్తా. ముందు ఆ మ్యాపు చూపించు."

ఇద్దరూ డిజైనర్ బల్ల దగ్గరికి వచ్చారు. విషయం వినగానే ఆ అమ్మాయి తెర మీది మెనూలన్నీ వెతికింది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారికి పేజీ ఎలా కనిపిస్తుందో చూపించే ఏర్పాటు అందులో ఒకటుంది. తను ఎప్పుడూ ముట్టుకోలేదు. దాన్ని నొక్కింది. మూడు గీతలూ ఒకే బురదలో కలిసిపోయాయి.

"అయ్యో బాబాయ్! ఇన్నాళ్లూ మీకిలా కనిపిస్తుందా?" అంది.

అతనికి తెరలో ఏ మార్పూ కనిపించలేదు. అదే చెప్పాడు. అక్కకు కోపంలోనూ నవ్వాగలేదు.

అక్క ఆసుపత్రి హెడ్ నర్సుకు ఫోన్ చేసింది. "మేమిచ్చిన రంగులే కదండీ! నేల మీద కూడా అవే గీతలు వేయించేశాం. ఇప్పుడు మార్చమంటే ఎలా?" అందావిడ.

తమ్ముడు ఫోన్ అందుకున్నాడు. "మేడమ్, రంగులు ఉంచేయండి. ఒకటి చుక్కల గీత, ఒకటి జంట గీత చేద్దాం. మూడోది అలాగే ఉండనిద్దాం. నాలాంటివాళ్లకి ఇప్పుడున్న మ్యాపు ఇస్తే ఎక్స్‌రేకని బయల్దేరి కాన్పుల వార్డులో తేలతాం."

"మొన్న ఒక పెద్దాయన అచ్చం అలాగే వచ్చాడండీ," అందావిడ గొంతు తగ్గించి. "నేల మీద గీత కనపడట్లేదా అని కసురుకున్నాం కూడా. మార్చేయండి. నేల మీద కూడా చుక్కలు పెట్టిస్తాను."

సాయంత్రానికి కొత్త మ్యాపు సిద్ధమైంది. ఈసారి అతను అంకెలు చూడకుండానే మూడు చోట్లకీ తప్పకుండా వెళ్లొచ్చాడు.

అక్క అన్నంత పనీ చేసింది. మర్నాడే పిలిచి పావుగంట చీవాట్లు పెట్టి, ఇకనుంచి రంగులకు డిజైనర్ సంతకం, మిగతా అన్నింటికీ అతని సంతకం అని తేల్చేసింది. జనానికి దారి చూపించే కాగితం ఏదొచ్చినా ముందు అతనే నడిచి చూడాలంది. తిట్లు తిని బయటికొచ్చినవాడు ఈల వేసుకుంటూ కుర్చీలో కూర్చోవడం ప్రెస్సులో అందరికీ వింతగా తోచింది.

వారం తిరక్కుండానే బస్సు రూట్ల పటం ఒకటి వచ్చింది. అతను తెర ముందుకు వంగి చూసి, పక్కనున్నవాళ్లంతా వినేలా పిలిచాడు.

"అమ్మాయ్, ఇలా రా. ఈ రెండు రూట్లూ నాకు ఒకేలా ఉన్నాయి. ఏది ఏ రంగో కాస్త చెప్పు."