అందరూ ఎర్రదాన్నే చూడండి

నేను ఒక ఎర్ర శాలువాను. కప్పుకుంటే వెచ్చగా ఉంటానో లేదో ఎవరూ అడగలేదు. చూసేవాళ్ళ కన్ను నా దగ్గర ఆగుతుందా లేదా అన్నదొక్కటే చూశారు.

నేసినప్పుడు తెల్లగా ఉండేదాన్ని. సినిమా కోసమని చీరాలలో రంగు తొట్టిలో ముంచారు. కెమెరామన్ శేషఫణి గారు నన్ను కెమెరాలోంచి చూసి, "ఇది వంకాయ పులుసులా ఉంది, మళ్ళీ రంగు వేయించండి" అన్నారు. రెండోసారి మునిగి వచ్చాక గానీ ఆయనకు నచ్చలేదు. "ప్రేక్షకుడి కన్ను పొగరుబోతు ఎద్దు. దానికి ముక్కుతాడు వెయ్యాలి. ఇదిగో తాడు!"

మూతపడిన జనపనార మిల్లులో సమ్మె సన్నివేశం. కూలీ వేషాల వాళ్ళందరికీ బూడిదరంగు బట్టలు. గోడ నీడ, పాత పట్టాలు, మనుషుల వరసలు, అన్నీ ఒకే గుమ్మం వైపు సాగేలా ఆయన పేర్చారు. ఆ గుమ్మంలో నన్ను కప్పుకుని నాయిక నిలబడింది. ఎడమవైపు పైన, పరంజా మీద, పెద్ద లైటు పట్టుకుని లైట్‌మన్ పోలినాయుడు.

"సార్, పరంజా ఊగతంది. కింద ఇటుక జరిగినట్టుంది."

"ఒక్క షాట్ నాయుడూ, ఎండ పోతోంది. నువ్వు ఊపిరి బిగబట్టు, అదే ఆగుతుంది."

అందరూ నవ్వారు. పోలినాయుడూ నవ్వాడు.

"నాయుడి కాలు ఫ్రేములోకి వస్తోంది సార్" అన్నాడు అసిస్టెంటు.

"రానీ. ఎర్రది ఉండగా కాలెవడు చూస్తాడు? అందరూ శాలువానే చూడండి. మీరు ఎటు చూస్తే హాల్లో జనమూ అటే చూస్తారు."

చూశారు. వెనక ఏదో కూలిన చప్పుడయ్యేదాకా అన్ని తలలూ నావైపే ఉన్నాయి. తర్వాత పోలీసులు అడిగితే, "పడ్డం ఎవరం చూళ్ళేదండి" అన్నారు. అబద్ధం కాదు.

నాయిక నన్ను తీసి పోలినాయుడి మీద కప్పింది. అప్పుడు అందరూ అతన్ని చూశారు.

కాస్ట్యూమర్ వచ్చి, తల దించుకుని, "అమ్మా, ఇది కంటిన్యూటీ. తర్వాతి షాట్‌లోనూ ఇదే కావాలి" అని నన్ను లాగి, ఒక దుప్పటి కప్పాడు. నాలో ఇంకిన నెత్తురు ఎక్కడుందో ఎవరికీ కనిపించలేదు. అదే గుమ్మంలో మళ్ళీ నిలబడ్డాను.

పరంజా కూలే ముందు క్షణం వరకు ఆ షాటును సినిమాలో ఉంచేశారు. బాగా కుదిరిందట. ఇప్పుడు నేను థియేటరు వరండాలో అద్దాల పెట్టెలో ఉన్నాను. పైన చిన్న బల్బు. జనం నా ముందు నిలబడి ఫోటోలు దిగుతారు.

ఒక మ్యాట్నీకి పోలినాయుడి భార్య అప్పలకొండ తన మరిదితో వచ్చింది. ఆట వదిలాక ఇద్దరూ నా పక్కనే ఆగారు.

"అన్న ఎక్కడా కనపళ్ళేదే వదినా?"

"నువ్వు ఆ ఎర్రగుడ్డని సూసుంటావు. ఎడంపక్క, పైన. కాలు. సెప్పు కూడా నేదు."

నా పెట్టె ముందు నుంచే ఆమె మెట్లు దిగి వెళ్ళింది. తల తిప్పలేదు.