గిర్నితో సహా అమ్మకం

కింద మూడు దుకాణాలు, పైన నాలుగు వాటాలు. సికింద్రాబాదులో బజారుకు రెండు సందుల అవతల నిలబడ్డ భవనాన్ని నేను. వయసు నలభై ఆరు. దళారి ముప్పై అని చెబుతాడు. పెళ్ళి సంబంధాల్లోనూ ఇళ్ళ బేరాల్లోనూ మనుషులకు ఈ అలవాటుంది.

నన్ను కట్టించినాయన పొదుపరే కానీ సిమెంటు దగ్గర పిసినారితనం చూపలేదు. అదే నా మూలధనం. ఆయన వారసులు అద్దెలు తీసుకున్నారు, సున్నమైనా వేయించలేదు. పెచ్చులూడి, చువ్వలు తుప్పుపట్టాక చవగ్గా వదిలించుకున్నారు. కొన్నది స్టీలు సామాన్ల వ్యాపారి భూలక్ష్మి. ఆమె ముందు రంగు డబ్బాలు కొనలేదు. పెచ్చులు కొట్టించి, చువ్వలు రుద్దించి, స్తంభాల చుట్టూ కొత్త ఇనుము కట్టించి కాంక్రీటు పోయించింది. రంగు ఆఖర్న. సరుకు తెలిసిన మనిషి.

రెండేళ్ళ తరవాత ఎండాకాలంలో నన్ను అమ్మకానికి పెట్టింది. బట్టల టోకు వ్యాపారి సోమేశ్వర్ వచ్చాడు. అన్నీ నచ్చాయి, కింద పిండి పట్టే గిర్ని తప్ప. అది అంజమ్మది. ఇరవై రెండేళ్ళుగా ఆమె బతుకు దాని మీదే.

"గిర్ని లేపిస్తెనే సంతకం జేస్త. ఆ అదురుడుకు బిల్డింగు పగుల్తది," అన్నాడు.

అంజమ్మ పిండి చేతులతోనే బయటికొచ్చింది. "నేనేడికి వోవాలె అక్కా? ఈ గల్లీ దాటితే నాకు గిరాకి రాదు."

భూలక్ష్మి అతనివైపే తిరిగింది. "డాబా మీద నీళ్ళు నిలబెడదం అన్నా, మూడు దినాలు. గిర్ని ఆగది. పగులుంటే నీళ్ళు కారుతయి. చుక్క కారితే దాన్ని లేపిస్త, పది లక్షలు తగ్గిస్త. కారకుంటే గిర్ని ఉంటదని కాగితంల రాయాలె."

కొత్త స్లాబుకు మేస్త్రీలు చేసే పనే నాకూ చేశారు. డాబా మీద సిమెంటు గట్లు కట్టి, మడుల్లా నీళ్ళు నింపారు. డాబా కిందే ఉన్న ఖాళీ వాటాలో నేలంతా న్యూస్‌పేపర్లు పరుచుకుని, కుర్చీ వేసుకుని సోమేశ్వర్ నా కప్పునే చూస్తూ కూర్చున్నాడు. మనుషులు గుళ్ళో దేవుణ్ణి కూడా అంతసేపు చూడరు. అంజమ్మ పంతం పట్టి జొన్నలు, గోధుమలు, మిరపకాయలు పట్టింది. నా గోడలు వణికాయి, దాచను. వణకడం వేరు, పగలడం వేరు.

రెండో రోజు మధ్యాహ్నం పేపరు మీద టప్‌మని చుక్క పడింది.

"కారింది! కారిందమ్మా!"

మోటారు ఆగింది. అంజమ్మ మెట్లెక్కి వచ్చి, గోడ పట్టుకుని నిలబడింది. భూలక్ష్మి కూడా వచ్చి, స్టూలెక్కి నా కప్పును అరచేత్తో తడిమింది. పొడిగా ఉంది. దిగి అతని బట్టతల వైపు చూసింది. ఇంకో చుక్క అతని ముక్కు కొసనుంచి జారింది.

"కారేది స్లాబు కాదన్నా, నువ్వే. ఫ్యానెందుకు బంద్ జేసినవ్?"

"పేపర్లు ఎగుర్తున్నయని..." అంటూ తువ్వాలు వెతుక్కున్నాడు.

"నీళ్ళు మంచిగ తాగు సేటూ, ఇంకో దినమున్నది," అని అంజమ్మ కిందికి దిగింది.

మూడో రోజు సాయంత్రం అతను ఒక్కో పేపరూ తడిమి చూశాడు. వార్తలు పాతబడ్డాయి తప్ప కాగితం తడవలేదు. అడిగిన ధరకే ఒప్పుకున్నాడు. గిర్ని సంగతి ఒప్పందంలో తన చేత్తోనే రాశాడు. ఇన్నాళ్ళూ నా వెల ఎవరెవరో చెప్పారు. ఈసారి నేనే చెప్పాను.

రిజిస్ట్రేషనయిన మర్నాడు కొత్త యజమాని గిర్ని గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తున్నాడు.

"జర పక్కకు జరుగు సేటూ, గిరాకి ఆగిన్రు," అని అంజమ్మ మోటారు వేసింది. నా గోడలు వణికాయి. ఆ వణుక్కి ఇప్పుడు సంతకం ఉంది.