అక్షరాల నీడ

తప్పు కనబడితే అక్క ప్రాణం ఊరుకోదు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకమని ఇంట్లో అందరూ అనేవాళ్లు, అయితే ఆమె గది దాటి వెళ్లాకే అనేవాళ్లు. ఎవరింటికి వెళ్లినా ముందు గోడ మీద ఒరిగిన పటాన్ని సరిచేసి, ఆ తర్వాతే కుర్చీలో కూర్చునేది. ఒకసారి చెప్పుల దుకాణం బోర్డు తలకిందులుగా బిగించి ఉందని, ఆ మాట చెప్పడానికి కదులుతున్న బస్సులోంచి దిగిపోయింది. బస్సు ఆగుతుందా? లోపల ఉండిపోయిన చెల్లెలు ఒక్కతే ఇల్లు చేరింది.

అక్క ఫోటోగ్రాఫరు, చెల్లెలు దర్జీ. చెల్లెలికి కూతురు పుట్టిన నాటి నుంచి ఆ పిల్ల ఫోటోలన్నీ అక్కే తీసింది. తీస్తూ తీస్తూనే చెల్లెలు కుట్టిన గౌన్లకు వంకలూ పెట్టింది. ఓ రోజు దుకాణం నిండా జనం ఉండగా, "ఈ కుట్టు వంకర పోయిందే, విప్పి మళ్లీ వెయ్" అంది. నలుగురిలో తల కొట్టేసినట్టయి చెల్లెలికి తిక్క రేగింది.

"తప్పులు పట్టడానికే అయితే మా గుమ్మం తొక్కకు" అనేసింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అన్నారా! అక్క అసలే మాట పట్టింపు మనిషి. కెమెరా సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది, మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. కుట్టు నిజంగానే వంకర పోయింది. ఆ సాయంత్రమే చెల్లెలు దాన్ని విప్పి మళ్లీ వేసింది. ఆ సంగతి చెప్పుకుందామంటే అక్క లేదు.

అప్పుడు బొద్దుగా బుగ్గలేసుకుని తిరిగిన పిల్లకు ఇప్పుడు పెళ్లి. పత్రిక పంపితే జవాబు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. "తప్పు నాదే అక్కా, రావే" అని మెసేజ్ పెడితే చూసినట్టు గుర్తు పడింది, అంతే. చెల్లెలు కూతురి పెళ్లి బట్టలు తన చేత్తోనే కుడుతోంది. ఓ వరస కుట్టగానే చేయి ఆగిపోతుంది. బాగుంది అనేవాళ్లు ఇంటి నిండా ఉన్నారు. బాగాలేదు అనే ఒక్క మనిషి లేక ఆమెకు చేతులు విరిచేసినట్టుంది. దుకాణం తలుపు చప్పుడైతే చాలు, మిషను ఆపి తలెత్తి చూస్తోంది.

విందులో తెర మీద వేయడానికి పిల్ల ఫోటోలతో స్లైడ్‌షో చేయమని ఓ స్టూడియోలో ఇచ్చి వచ్చింది. అది మందుల షాపు పైన ఒక్క గది. కిటికీకి నల్లగుడ్డ, టేబుల్ మీద రెండు కంప్యూటర్ తెరలు, గడగడలాడే ఫ్యాను. ఎడిటరు నడివయసు మనిషి. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని టేబులంతా దానికోసం వెతుక్కునే రకం.

"కూర్చోండమ్మా, మొదట్నుంచీ వేస్తా" అన్నాడు, జోడు దొరికాక.

ఫోటోలు ఒకదాంట్లోంచి ఒకటి కరిగి వస్తున్నాయి. ప్రతిదాని మీదా బంగారు రంగు టైటిలు, దాని వెనక నల్లటి నీడ.

"నీడ లేకపోతే అక్షరం ఫోటోకి అతుక్కుపోయినట్టుంటుందమ్మా. నీడ వేశామా, లేచి నిలబడుతుంది" అన్నాడు.

పసుపు గౌనులో పిల్ల పెరట్లో నిలబడిన ఫోటో వచ్చింది. కింద అడ్డంగా 'బుడిబుడి అడుగులు' అని లావుపాటి అక్షరాలు.

"ఆపండి. ఇక్కడ నేల మీద ఒక నీడ ఉండాలి" అంది చెల్లెలు.

"ఉందమ్మా! ఫోటో తీసినవాళ్లది. పానకంలో పుడకలా వచ్చి పడింది. అందుకే దాని మీదే టైటిల్ వేసి కప్పేశా. ఏ ఫోటోలో ఏ మరకున్నా నా పద్ధతి అదే. మీరు చెప్తే గానీ తెలీదు చూడండి!" అని మురిసిపోయాడు.

"అది మరక కాదండీ. మా అక్క."

ఎడిటరు గబుక్కున మౌస్ అందుకున్నాడు. టైటిలు తీసేశాడు.

ఫోటో అడుగు నుంచి పిల్ల పాదాల దాకా సాగి ఉంది నీడ. గుండ్రటి తల, కెమెరా పట్టుకున్నందుకు రెండు పక్కలా పొడుచుకొచ్చిన మోచేతులు. ఎండ మొహాన కొట్టి పిల్ల కళ్లు చికిలించింది. ఒక కాలు సరిగ్గా ఆ నీడ తల మీద వేసింది. "నా నెత్తి తొక్కుతున్నావే గడుగ్గాయీ!" అని అక్క అరవడం, పిల్ల కావాలని ఇంకా తొక్కడం చెల్లెలికి చెవుల్లో వినిపించాయి. ఇన్ని ఫోటోల్లో ఇంటిల్లిపాదీ ఉన్నారు, తీసిన మనిషి మాత్రం ఇక్కడ, ఇంత మేరకే ఉంది. చెల్లెలు చెంగుతో కళ్లు ఒత్తుకుంది. అక్కను చూడాలని గట్టిగా ఏడవాలనిపించింది, పరాయి మనిషి ముందు ఏడవలేకపోయింది.

"ఆ నీడ పక్కన 'పెద్దమ్మ' అని రాయండి. చిన్నగా."

అతను రాశాడు. అలవాటు కొద్దీ నీడ కూడా తగిలించాడు. తగిలించి నాలుక కరుచుకున్నాడు.

"అయ్యో, ఎండ ఫోటో తీసినావిడ వెనక నుంచి వస్తోంది కదా. అన్ని నీడలూ పైకి పోతుంటే అక్షరాల నీడ ఒక్కటీ కిందికి పడింది. ఒక్క నిమిషం, తిప్పేస్తా."

చెల్లెలు చప్పున అతని చెయ్యి దగ్గరికి చెయ్యి చాపింది. "తిప్పకండి."

"తప్పమ్మా అది!"

"తప్పే. అలాగే ఉండనివ్వండి. విందు నాటికి సరిచేద్దాం గానీ, ఇప్పుడిలాగే నా ఫోన్‌కి పంపండి."

ఎడిటరు వింతగా చూశాడు. బతిమాలితే రాని మనిషి తప్పు కనబడితే బస్సు దిగి వస్తుందని ఇతనికి ఎలా చెప్పడం? చెల్లెలు ఆ వీడియో అక్కకు పంపింది. కింద ఒక్క ముక్క రాయలేదు.

ఆ రోజు గడిచింది. చూసినట్టు గుర్తు పడింది, జవాబు లేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా చెల్లెలు కుట్టిన కుట్టే కుడుతూ కూర్చుంది. ఈ పాచిక కూడా పారలేదని తేల్చుకుని, ఫోన్ సొరుగులో పడేసింది. సొరుగులోనే అది మోగింది.

"అక్కా!"

చెల్లెలు మిషను చక్రం గట్టిగా పట్టుకుంది.

"ఆ ఫోటోలో ఒక తప్పుందే" అంది అక్క. "చెప్పొచ్చా?"

జన్మలో ఏ తప్పు చెప్పడానికీ ఎవరి అనుమతీ అడగని మనిషి. చెల్లెలికి ఆ 'చెప్పొచ్చా' గుండెలో దిగింది. దుకాణంలో జనం ఉన్నారని కూడా చూడకుండా బావురుమంది.

"ఫోన్లో వద్దక్కా. దాని పెళ్లి బట్టలు నేనే కుడుతున్నా. కుట్టు వంకర పోతోందో ఏమో, చెప్పేవాళ్లే లేరు. నువ్వొచ్చి చూడు."

అటు పక్క ఏదో జిప్పు లాగిన చప్పుడైంది. కెమెరా సంచిదే అది, చెల్లెలికి ఆ చప్పుడు తెలుసు.

"నేను చూసేదాకా దారం తెంపకు" అంది అక్క.